అనుమానం మీద పెరిగిన కుక్క

మా ఇంటి ఓనరు గుండె ఆగి చనిపోయాడని డాక్టర్లు చెప్పారు. ఆయన బతికి ఉంటే ఆ మాట నమ్మేవాడు కాదు. ఇంకో దవాఖానకు పోయి, ఇక్కడ చెప్పింది అక్కడ చెప్పకుండా చూపించుకుని, రెండు చోట్లా ఒకే మాట వస్తే "ఇద్దరు కలిసిండ్రు" అని తేల్చి ఇంటికి వచ్చేవాడు.

వాడకట్టంతా ఆయన్ని కాక అని పిలిచేది. నేనూ అలాగే పిలిచాను. కొత్తవాడలో ఆయన ఇంటి పైపోర్షన్‌లో చాలా ఏళ్లుగా కిరాయికి ఉంటున్నాను. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మార్కెట్ అంతా నమ్మకం మీద నడుస్తుందని పగలు పిల్లలకు చెప్పి, సాయంత్రం కాక ఇంటికి తిరిగి వచ్చేవాడిని.

కింద ముందుగదిలో ఆయన జంపఖానాల దుకాణం. ఒకప్పుడు అదే గదిలో గుంట మగ్గం ఉండేది. మగ్గం అమ్మేశాడు గానీ, నేత నేసే మనిషి అంచున కూర్చుని కాళ్లు కిందికి వేసుకునే గుంట మాత్రం నేలలో అలాగే మిగిలింది. పూడ్చెయ్యరాదా కాకా అని ఒకసారి అన్నాను. "పూడ్సినంక మన్ను కుంగుతది సారూ. కుంగదని ఎవలు రాసిస్తరు?" అన్నాడు. గుంట మీద ఒక చెక్క, చెక్క మీద ఒక జంపఖానా పరిచి, కొత్తవాళ్లు దానిమీద అడుగేస్తే వాళ్ల మొహం వంక చూసేవాడు.

ఆయన ప్రశ్నలకు ఒక పద్ధతి ఉండేది. రాత్రికి వాన పడుతుందట కాకా అంటే "ఎవలన్నరు?" అనేవాడు. ఫోన్లో చూశానంటే "ఫోనుకు ఎవలు జెప్పిండ్రు?" అనేవాడు. పెళ్లి కార్డు ఇస్తే ముహూర్తం చూడడు, బంధువుల పేర్లలో ఎవరి పేరు లేదో వెతుకుతాడు. సొంత అక్క ఫోన్ చేసినా మొదటిమాట "ఈ నంబరు నీకెవలిచ్చిండ్రు?" కొత్త జంపఖానా వస్తే రంగూ డిజైనూ ఉన్న నడిమి భాగం వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. అంచు పట్టుకుని వేలితో గుంజేవాడు.

"నడుమ అందరు మంచిగనె నేస్తరు సారూ. మనిషి అలిసిపోయేది అంచు కాడ."

ఇది తాత్వికం అని నేను మురిసిపోయిన రోజునే, నేను సంతకం పెట్టిచ్చిన కిరాయి కాగితాన్ని కూడా అంచు పట్టుకుని చూశాడు.

ఒక వానాకాలం ఆయన అరుగు మీద నుంచి జంపఖానాల కట్ట ఒకటి పోయింది. కాక అనుమానం ఎదురుగా మిర్చీల బండి పెట్టుకునే ఆయన మీదికి పోయింది. రుజువు ఏమిటంటే, కట్ట పోయిన మరునాడు ఆయన కాకకు నమస్తే పెట్టాడు.

"నిన్నమొన్న పెట్టనోడు ఇయ్యాల ఎందుకు పెట్టిండు?"

"నీ సరుకు పోయిందని పాపం అనిపించి ఉంటది కాకా."

"పోయిందని ఆయనకెట్ల ఎర్క?"

వాడకట్టంతటికీ తెలుసు. కాకే అరిచి చెప్పాడు. ఆ సంగతి గుర్తు చేయడం వల్ల లాభం లేదని ఊరుకున్నాను. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కాక మాత్రం కుక్కను పెంచాలని నిశ్చయించుకున్నాడు.

మా కాలేజీ సైకిల్ స్టాండులో ఒక వీధికుక్క అప్పుడే నాలుగు పిల్లల్ని పెట్టి ఉంది. అవి పాలు మరిచాక కాకను తీసుకుపోయాను. ఆయన జేబులోంచి బిస్కెట్ తీసి తుంచి విసిరాడు. మూడు పిల్లలు తోకలూపుకుంటూ ఆయన కాళ్లమీద పడ్డాయి. నాలుగోది, తెల్ల ఛాతీ ఉన్న ఎర్రది, గోడకు ఆనుకుని కూర్చుంది. బిస్కెట్ వాసన చూసి మొహం తిప్పుకుంది.

"గదీ కుక్కంటె," అన్నాడు కాక. "పరాయోని చేతిది ముట్టలె. గీ మూడిట్లకు సిగ్గు లేదు."

"అది బాగా బక్కగా ఉంది కాకా."

"బక్కగ ఉన్నదంటె లంచం తినలేదన్నట్టు."

ఎకనామిక్స్‌లో దీనికి జవాబు లేదు. దాన్ని సంచిలో వేసుకుని వచ్చాం. పేరు పెట్టనివ్వలేదు. పేరుంటే పిలుస్తరు, పిలిస్తే పోతది అన్నాడు. ఆయన దాన్ని "ఏయ్" అనేవాడు.

మొదటి పూటే కాక భార్య, మేమందరం చిన్నమ్మ అని పిలిచే ఆమె, పాలన్నం పెట్టింది. కుక్కపిల్ల ఆత్రంగా తిన్నది. కాసేపటికి తలవంచి, ఏ కష్టమూ లేకుండా, తిన్నదంతా అలాగే తిరిగి కింద పెట్టింది. అరిగిన జాడ లేదు, పులిసిన వాసన లేదు. చుట్టచుట్టినట్టు ఒక ముద్ద. దాన్నే మళ్లీ తినబోయింది. చిన్నమ్మ అయ్యో బిడ్డా అంటూ వంగింది. కాక వీధి గుమ్మం వైపు తిరిగాడు.

"ఇటెవలు వచ్చిండ్రు?"

ఆ తరువాతి రోజులన్నీ దర్యాప్తులో గడిచాయి. పాలవాడు మారాడు. బియ్యం మారింది. మా ఇంట్లోంచి నా భార్య ఏదైనా వేసిందేమోనని నన్ను అడిగాడు. మిర్చీల బండి పొగ ఇటు కొడుతోందని కిటికీ మూశాడు. చివరికి ఒకే గిన్నెలో అన్నం కలిపించి, సగం తాను తిని, సగం కుక్కకు పెట్టి, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కుక్క కక్కేసింది. కాకకు ఏమీ కాలేదు. దీంతో అన్నం నిర్దోషి అని తేలింది, చిన్నమ్మ కూడా దాదాపు బయటపడింది.

నేను బయటపడలేదు. ఒక ఆదివారం ఆయన మేడమీదికి వచ్చి, కుర్చీ చివర కూర్చున్నాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత. మనసుల వెట్టుకోకు. అది డ్యామేజీ మాలు అని నీకు ముందుగాలనే ఎర్కనా?"

"నాలుగిట్లో నువ్వే ఏరుకున్నవ్ గద కాకా."

"ఏరుకునేటట్టు జేసినవ్."

"వాపస్ ఇచ్చేద్దామా మరి? మళ్లీ అక్కడే వదిలేసి వద్దాం."

నేను ఏదో ఎత్తు వేస్తున్నానని అనుకున్నాడేమో.

"అమ్మిన మాలు వాపస్ తీస్కునేది లేదని నా దుకాణంలనె బోర్డున్నది," అన్నాడు. "నేనెట్ల వాపసిస్త?"

అప్పటికి అది పక్కటెముకలు లెక్కపెట్టేటంత చిక్కిపోయింది. దగ్గు మొదలైంది. పశువుల దవాఖానకు ఆటోలో తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకు పట్టి చూపించింది. నోట్లోంచి కడుపుకు అన్నం పోయే గొట్టం సడలిపోయి సంచిలా వెడల్పైందట. తిన్నదాన్ని కిందికి నెట్టే శక్తి దానికి లేదు. పుట్టుకతోనే వచ్చింది, ఎవరూ ఏమీ పెట్టలేదు.

చివరిమాట కాకకు నచ్చలేదు. ఎక్స్‌రే అంచు పట్టుకున్నాడు.

"ఇది మా దాని ఫోటోనేనా మేడం?"

"పొద్దుటి నుంచి ఎక్స్‌రే తీసిన కుక్క ఇదొక్కటే. మిగతావన్నీ బర్రెలు."

కాక ఆమెను కొంచెం గౌరవంగా చూసినట్టు నాకనిపించింది.

దీనికి మందు లేదని డాక్టరమ్మ చెప్పింది. తినేటప్పుడు కుక్కను మనిషిలా నిటారుగా కూర్చోబెట్టాలి. తిన్నాక కూడా పావుగంటసేపు అలాగే పట్టుకోవాలి. అప్పుడు అన్నం దానంతట అదే కిందికి జారుతుంది. నాలుగు కాళ్ల మీద నిలబడి తింటే తిరిగొస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇప్పటి దగ్గు అదే, ఇంకోసారి ముదిరితే దక్కదు. ప్రతి పూటా ఇంతే, అది బతికినన్నాళ్లూ ఇంతే. "బరువు చూస్తుండండి," అన్నది. "పెరిగితే దక్కినట్టు. తగ్గుతూ పోతే ఆశ పెట్టుకోవద్దు."

కాక మరునాడు హన్మకొండలో ఇంకో డాక్టరుకు చూపించాడు. మొదటి డాక్టరమ్మ ఊసెత్తలేదు. ఆయనా అదే చెప్పాడు. కాక గోడమీద ఆయన డిగ్రీ పటం చదివి, బయటికి వచ్చాక నాతో నెమ్మదిగా అన్నాడు: "ఇద్దరు ఒక్క కాలేజే."

కుక్కను ఒళ్లో నిటారుగా పట్టుకోవడం చెప్పినంత తేలిక కాదు. అది జారుతుంది, గింజుకుంటుంది, మన గడ్డం నాకుతుంది. చిన్నమ్మ రెండు పూటలు చూసి, చీపురు పక్కన పెట్టి అన్నది: "నువ్వు గుంటల కాళ్లు వెట్టి కూసోరాదు. నడుమ అది ఇరుకుతది."

"నీకింత జల్ది ఎట్ల తట్టింది?" అన్నాడు కాక.

"నలభై ఏండ్లు గక్కడ కూసున్న నీకు తట్టకపోతె నాకు తట్టింది. అదీ తప్పేనా?"

చెక్క తీశారు. కాక మగ్గం అమ్మాక మొదటిసారి తన పాత చోట కూర్చున్నాడు. కాళ్లు గుంటలోకి వేశాడు. కుక్కను రెండు మోకాళ్ల మధ్య దించి, దాని వీపు తన పొట్టకు ఆనించుకున్నాడు. వెనక కాళ్లు గుంటలో, ముందు కాళ్లు ఆయన తొడల మీద, మొహం వీధి వైపు. చిన్నమ్మ మెత్తగా పిసికిన అన్నం చిన్న చిన్న ముద్దలు చేసి అందించింది. తినడం అయ్యాక ఆయన ఎడమచెయ్యి దాని గడ్డం కింద పెట్టి అలాగే ఉండిపోయాడు. ఆ పూట అన్నం తిరిగి రాలేదు. మేము ముగ్గురం గోడ గడియారం వైపు చూడకుండా చూస్తూ కూర్చున్నాం.

"ఆగు," అన్నాడు కాక, నేను లేవబోతే. "నమ్మద్దు."

ఇక అదే ఆయన దినచర్య. పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం, జంపఖానాల దొంతరల మధ్య, నడుం లోతు నేలలో కూర్చుని, కుక్కను పొట్టకు ఆనించుకుని బేరాలు చేసేవాడు. ఖిలా వరంగల్ చూడ్డానికి వచ్చిన టూరిస్టులు దారితప్పి ఇటు వస్తే, ఇది కూడా ఒక ప్రాచీన ఆచారమనుకుని ఫోటో తీయబోయేవారు. కాక ఒప్పుకునేవాడు కాదు. ఫోటో ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు?

ముద్దు మాటలు ఆయన నోట నేను వినలేదు. దాన్ని పట్టుకున్నంతసేపూ విచారణే. "ఇప్పుడు మింగినవా, దవడల దాసినవా? నోరు దెరువ్. ఎందుకు గట్ల సూస్తాన్నవ్? ఏం ఉపాయం జేస్తాన్నవ్?" కుక్క చెవులు వెనక్కి పెట్టి అంతా వినేది. మా కాలేజీలో అంత శ్రద్ధగా వినేవాళ్లు లేరు.

చిన్నమ్మ సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నది. కుక్క దక్కితే దాని ఎత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషిని కాంటా మీద కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం తూచి తీసుకుపోతారు. కాకకు వనదేవతల మీద ఏ అనుమానమూ లేదు. బెల్లం దుకాణం మీద ఉంది. కానీ డాక్టరమ్మ బరువు చూడమన్నది కాబట్టి, ప్రతి నెలా కుక్కను అక్కడికే తీసుకుపోయేవాడు. అది తరాజు పళ్లెంలో బుద్ధిగా కూర్చునేది.

మొదటి నెల బరువు తగ్గింది. కాక ఇంకో దుకాణానికి పోయాడు. అక్కడా అంతే. మూడో చోటా అంతే. ఇంటికి వచ్చాక వాకిట్లో ఎవరిదో కొత్త చెప్పుల జత కనిపించింది. ఎవరివని కూడా అడగలేదు. అప్పుడు నాకూ చిన్నమ్మకూ భయం వేసింది.

ఆ సాయంత్రం అన్నం పెట్టాక ఆయన గుంటలోంచి లేవలేదు. దీపాలు పెట్టే వేళ దాటింది. కుక్క ఆయన చేతిమీద గడ్డం ఆనించి నిద్రపోయింది. మళ్లీ జారిపోతుందేమోనని ఆయన భుజం కూడా కదపలేదు.

"సాలు ఇగ, లేవరాదు," అన్నది చిన్నమ్మ.

"పావుగంట సాలదేమో. గామె సిన్న పోరి, పుస్తకంల ఉన్నది చెప్పింది. దీని గొట్టం పుస్తకం సదివిందా?"

అప్పటి నుంచి ఆమె చెప్పినదానికి రెండింతలసేపు పట్టుకునేవాడు. దానివల్లో, ఊరికేనో చెప్పలేను గానీ, జాతర దగ్గరపడే సరికి కుక్క పక్కటెముకలు కనిపించడం మానేశాయి. బెల్లం దుకాణంలో ముల్లు ముందుకు పోయింది. కాక వంగి పళ్లెం కింద చూశాడు.

"సేటూ, వేలు తియ్యి."

దుకాణం ఆయన, పోలీసులు పట్టుకున్నప్పటిలా రెండు చేతులూ పైకెత్తాడు. ముల్లు అక్కడే ఉంది.

"దించి మల్ల ఎక్కియ్యి."

మళ్లీ అక్కడే.

"కాంటా ఖరాబయ్యింది," అన్నాడు కాక. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం మేము ఎన్నడూ చూడని తీరుగా ఉంది. మొక్కుకు కావలసిన దానికన్నా ఎక్కువే తూపించాడు. మిగిలిన బెల్లం చిన్నమ్మ చేత వాడంతా పంచాడు. మిర్చీల బండికి కూడా పంపాడు. పంపి, ఆయన తింటాడా పారేస్తాడా అని తలుపు సందులోంచి చూశాడు. ఆయన తిన్నాడు. "సూసుకుంట తిన్నడు," అన్నాడు కాక.

మళ్లీ వానలు మొదలయ్యాక ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆటో ఎక్కేముందు నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, నీకు అప్పజెప్తలేను. జర నువ్వు సూత్తాంటె సాలు."

ఆ సాయంత్రం ప్యాంటు మడిచి నేను గుంట అంచున కూర్చున్నాను. దాని వెన్ను వెచ్చగా నా పొట్టకు ఆనింది. దాని గుండె చప్పుడు నాకు తెలుస్తోంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది, వీడియో కాల్.

"కిందికి వట్టు. గడ్డం జారుతాంది. కడుపు సూపియ్యి." ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి మరీ చూస్తున్నాడు. వెనకాల నర్సు ఏదో అంటోంది. "ఇది ఇయ్యాలటిదేనా?"

"వీడియో కాల్ కాకా. ఇప్పటిదే."

"ఏమో. ఇప్పుడన్ని కంప్యూటర్ల తయారు జేస్తాండ్రట. పక్కన పేపరు వట్టు."

సినిమాల్లో ఎత్తుకుపోయినవాళ్లకు పట్టినట్టు, కుక్క మొహం పక్కన ఆ రోజు పేపరు పట్టాను. కుక్క హెడ్‌లైను నాకింది. కాక దవాఖాన మంచంలోంచి ఆ హెడ్‌లైను కూడబలుక్కుని చదివాడు. "ఆ వార్త నమ్మకు," అని ఫోన్ పెట్టేశాడు.

ఒక తెల్లవారుజామున ఆయన పోయాడు. పగలంతా వాకిట్లో జనం. కుక్కను వెనక వసారాలో కట్టేశారు. శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేశాక నాకు గుర్తొచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. పొద్దుటి నుంచి అది ఏమీ తిని ఉండదు. ఆకలికి ఎవరో ఏదో పడేస్తే కిందనే గబగబా తింటుంది. ఆ దగ్గు ఎలా మొదలైందో నాకు గుర్తుంది. మా ఇంట్లో అన్నం మెత్తగా పిసికించి, గిన్నె పట్టుకుని గబగబా దిగాను.

లోపలి గదిలో ఆడవాళ్ల మధ్యనుంచి లేచి చిన్నమ్మ అప్పటికే ముందుగదిలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. చేతిలో బంధువులు తెచ్చిన అన్నంలోంచి తీసిన గిన్నె ఉంది. నన్ను చూసి, నా గిన్నె చూసింది.

"మీరెందుకు చిన్నమ్మా, కూర్చోండి. నేను చూస్తాను."

"నువ్వు మరుస్తవని చెప్పిండు," అన్నది. "సదువుకున్నోడు, మనసు ఇంకెక్కడ్నో ఉంటది, జర కన్నెయ్యమన్నడు."

చిన్నమ్మ జాలిగుండెతో ఎక్కువ పెట్టేస్తుందని, తొందరగా వదిలేస్తుందని, ఆమె మీద ఒక కన్నేసి ఉంచమని ఆయన నాకు చెప్పి ఉన్నాడు.

అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. మిర్చీల బండాయన. నూనె మరకల చొక్కా తీసేసి తెల్ల చొక్కా వేసుకున్నాడు. మూతపెట్టిన స్టీలు గిన్నె రెండు చేతులా పట్టుకుని, లోపలికి రావచ్చో లేదో తెలియక గడప అవతలే నిలబడ్డాడు.

"పాలన్నం," అన్నాడు. "మెత్తగనే కలిపిచ్చిన. దవాఖానకెల్లి కాక నాకు ఫోన్ జేసిండు వదినా."

"నీకా?" అన్నది చిన్నమ్మ.

"నేను గుడ నమ్మలె. నీ బండి మా ఇంటి ఎదురంగనె ఉన్నది గద, మూడు పూటలు పెడుతాండ్రా లేదా సూసి చెప్పు అన్నడు. రోజు చెప్పిన."

వసారాలోంచి కుక్కను విప్పి తెచ్చాను. మూడు గిన్నెల వాసనకు గొలుసు గుంజుకుంటూ నేలమీదికి మూతి దించబోయింది. నేను గుంటలో కూర్చోబోతే మిర్చీల బండాయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"నీకు పొట్ట లేదు సారూ. దానికి ఆనిక సాలది."

నిజమే. ఆయన తెల్ల చొక్కాతోనే దిగి కూర్చుని కుక్కను మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. అది ఆ పొట్టకు పరుపుకు ఆనినట్టు ఆనింది. చిన్నమ్మ ముద్దలు చేసింది. నేను గిన్నె పట్టుకున్నాను. లోపలినుంచి ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. వాళ్లలో ఒకామె లేచి వచ్చి, ఇదేం చోద్యమన్నట్టు మమ్మల్ని చూసి వెళ్లింది.

సగం గిన్నె అయ్యాక మిర్చీల బండాయన, కుక్క తల మీదుగా, గొంతు తగ్గించి అడిగాడు.

"సారూ, నిజం చెప్పు. నా గురించి ఏమన్న చెప్పిండా?"

చావు ఇంట్లో అబద్ధం ఎందుకనిపించింది. "జంపఖానాల కట్ట నీ దగ్గర్నే ఉందన్నడు."

ఆయన తల ఊపాడు. బాధపడినట్టు లేడు.

"పోయేదాక గదే మాట మీద ఉన్నడన్నట్టు," అన్నాడు. "మరి నాకెందుకు ఫోన్ జేసిండు?"

"ముచ్చట్లు తర్వాత," అన్నది చిన్నమ్మ, చివరి ముద్ద దాని నోట్లో పెట్టి, కొంగుతో దాని మూతి తుడుస్తూ. "గడ్డం జారుతాంది. లేపి వట్టు."

ఆయన అరచెయ్యి దాని గడ్డం కింద పెట్టి పైకి లేపాడు. పావుగంట అయ్యాక కూడా మేము ముగ్గురం లేవలేదు.